అడగకూడని బల్ల

"అడుగుతున్నా."

మా బల్ల దగ్గర ఎవరైనా ఆ మాట అన్నారంటే మిగతా ముగ్గురం హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకునేవాళ్ళం. కుర్చీల చక్రాలు కదిలేవి. నాలుగు తలలూ ఒకే తెర ముందు చేరేవి.

మా పని చెప్పడానికి చిన్నదే. తెలుగువాళ్ళు ఒక యాప్‌లో పెట్టే వీడియోలూ, వాటి కింద రాసే కామెంట్లూ చూడాలి. ఉంచదగ్గవి ఉంచాలి, కానివి తీసెయ్యాలి. ఆఫీసు మేం పనికి వచ్చిన ఈ పరాయి దేశంలో, జురాంగ్ ఈస్ట్ రైలు స్టేషన్ పక్కనే. అదే అంతస్తులో తమిళం బల్ల, బర్మీస్ బల్ల, థాయ్ బల్ల కూడా ఉన్నాయి. అన్నిట్లోకీ ఎక్కువ నవ్వు వినిపించేది మా తెలుగు బల్ల నుంచి. అందుకు కారణం తిట్లు.

కంపెనీ నియమాల్లో ఒకటుంది. ఎదుటి మనిషి చావు కోరే మాట, ఒంటికి కీడు కోరే మాట కనిపిస్తే తీసెయ్యాలి. ఆ నియమం రాసినవాళ్ళకు తెలుగు రాదు. తెలుగులో ముద్దు చెయ్యాలంటే సగం సార్లు అవతలి మనిషిని చంపక తప్పదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మనవణ్ణి ఎత్తుకుని "సచ్చినోడా, ఎంత బరువెక్కిపోయావురా" అనే మామ్మను ఏం చెయ్యాలి? కోడలి పాట విని "నీ దుంప తెగ, ఎంత బాగా పాడావే" అనే అత్తను ఏం చెయ్యాలి?

పైగా ఒక ఊళ్ళో ముద్దు మాట ఇంకో ఊళ్ళో కొట్లాట. మేం నలుగురం నాలుగు వైపులవాళ్ళం కావడం అందుకే కలిసొచ్చింది. బాలనాగమ్మక్కది తిరుపతి పక్క పల్లె. నలభై దాటిన మనిషి, మా అందరికంటే ముందు చేరింది. వీరభద్రరావుది జగిత్యాల దగ్గర. అతన్ని అందరం భద్రన్న అంటాం. సుగన్య మలేషియాలో పుట్టింది, పేరాక్ వైపు. ముత్తాతల నాటి తెలుగు వాళ్ళ ఇంట్లో ఇంకా నడుస్తోంది, మధ్యమధ్య తమిళం, మలయ్ కలుపుకుని, మాట చివర ఊరికే ఒక 'లాహ్' తగిలించుకుని. నాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి నుంచి లోపలికి. పేరు హైమావతి.

"అడుగుతున్నా," అంది సుగన్య ఒకరోజు. "ఈ తాత పాపను మట్టి తినమంటున్నాడు. బుల్లీయింగా?"

భద్రన్న వంగి విన్నాడు. "నోట్ల మన్నువడ అంటున్నడు. గది ముద్దు."

"మట్టి తినమంటే ముద్దా? ఏం లాహ్ అన్నా."

"నిన్నెవ్వలు గట్ల అనలేదా? అయితే నిన్ను సక్కగ పెంచలే."

"మా పక్క ఆ మాటంటే కొట్లాటే," అంది బాలనాగమ్మక్క. "కొడవళ్ళు బయటికొస్తాయి."

"మీ పక్క కాఫీ తాగుతవా అన్నా కొడవళ్ళే గదక్కా."

అక్క అతని నెత్తి మీద ఒకటి మొట్టింది. పాప నవ్వుతోందా, ఏడుస్తోందా అని నేను అడిగాను. అందరూ మాటలు వింటుంటే ముఖాలు చూడడం నా వంతు. మళ్ళీ చూశాం. పాప తాత మీసం పట్టుకుని నవ్వుతోంది. ఉంచాం.

అన్నీ ఇలాంటివే రావు. మనుషులు మనుషుల్ని కొట్టేవి వస్తాయి. రాత్రి కలలోకి వచ్చేవి వస్తాయి. అలాంటిది ఎవరి తెర మీదైనా పడితే చెప్పక్కర్లేకుండానే మిగతావాళ్ళకు తెలిసిపోయేది, కూర్చున్న తీరును బట్టి. "మకాన్?" అనేది సుగన్య, తిందామా అని మలయ్‌లో. నలుగురం కిందికి దిగి ఏదో ఒకటి తిని, టీ తాగి, ఆ వీడియో గురించి ఒక్క మాటైనా ఎత్తకుండా పైకి వచ్చేవాళ్ళం. ఆ తర్వాత మళ్ళీ పని చెయ్యగలిగేవాళ్ళం.

మార్చిలో కౌశల్ మేనేజరుగా వచ్చాడు. హైదరాబాదు కుర్రాడు, ఇక్కడే యూనివర్సిటీలో చదివాడు. ఊరికి ఆ చివరనున్న పుంగ్గోల్ నుంచి ఈ చివరకు రోజూ వస్తూ, దారి పొడుగునా ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని పని చేసేవాడు. కష్టపడే మనిషే. వచ్చిన కొత్తలో మమ్మల్ని టీమ్ బాండింగ్ అని బౌలింగ్‌కు తీసుకెళ్ళాడు. అందరికీ ఒకే రంగు టీషర్టులు ఇచ్చాడు, వీపు మీద 'వన్ టీమ్' అని వేయించి. భద్రన్న విసిరిన బంతి పక్కవాళ్ళ వరసలోకి దొర్లిపోయింది. చాలా నవ్వుకున్నాం.

ఆ తర్వాతి సోమవారం మేం వచ్చేసరికి బల్ల మీద అడ్డాలు బిగించి ఉన్నాయి. బూడిదరంగు గుడ్డ అంటించిన చెక్కలు. లేచి నిలబడితే తప్ప పక్కమనిషి కనిపించనంత ఎత్తు.

"ఇది మీ మంచికే," అన్నాడు కౌశల్. "మీరు మాట్లాడుకుని డిసైడ్ చేస్తుంటే ఎవరి జడ్జ్‌మెంట్ ఎవరిదో సిస్టమ్‌కి తెలియట్లేదు. ఇకనుంచి ఎవరి ఐటమ్ వాళ్ళదే. ఒకర్నొకరు అడగొద్దు. డౌట్ వస్తే రూల్స్ చూడండి, నొక్కేయండి."

"రూల్స్‌ల నోట్ల మన్నువడ లేదు సార్," అన్నాడు భద్రన్న.

"సార్ వద్దు. కౌశల్ అనండి చాలు."

"రూల్స్‌ల లేదు కౌశల్ సార్."

గోడకు ఒక పెద్ద తెర కూడా వచ్చింది. దాని మీద మా నాలుగు పేర్లు. ఒక్కో పేరు పక్కన ఒక రంగు: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. వేగాన్నీ కచ్చితత్వాన్నీ కలిపి సిస్టమ్ ఆ రంగు ఇస్తుంది. బాత్‌రూమ్‌కు వెళ్ళొచ్చినా రంగు కాస్త దిగేది.

మొదట్లో అడ్డాల మీంచి తలెత్తి చూసుకునేవాళ్ళం. తర్వాత మానేశాం. మనం పిలిస్తే పక్కవాళ్ళ వేగం కూడా పడిపోతుంది. వాళ్ళకు నష్టం చెయ్యకూడదని ఊరుకున్నాం. ఒకరి మీద ఒకరికున్న అభిమానమే మమ్మల్ని ఒకరికొకరం కాకుండా చేసింది.

తెలియని మాట వచ్చినప్పుడు తీసెయ్యడం సుళువు. ఉంచినది తప్పయితే మార్కు పోతుంది. తీసేసినది తప్పయితే ఎవరికీ పెద్దగా పట్టదు. ఎక్కడో ఒక ఊళ్ళో తన మామ్మ వీడియో ఎందుకు పోయిందో తెలియక ఎవరో ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. అది మా గోడ మీది తెరకు తెలియదు. నేను తీసేస్తూ పోయాను. కొన్నాళ్ళకు నా పేరు పక్కన ఆకుపచ్చ వెలిగింది.

వెలిగిందే గాని, పొద్దున్నే లేచి ఆఫీసుకు వెళ్ళాలంటే కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళేదాన్ని. ఇదివరకు చోవా చూ కాంగ్ స్టేషన్‌లో సుగన్య ట్రైన్ ఎక్కగానే నిన్నటి తిట్టు దగ్గర మొదలుపెట్టేది. మలేషియాలో వాళ్ళ నాయనమ్మ ఏమని తిట్టేదో చెప్పేది, పెట్టెలో ఉన్న తమిళులు కూడా తిరిగి నవ్వేవాళ్ళు. ఇప్పుడు తలుపు పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటోంది. బల్ల దగ్గర భద్రన్న పాటలు కూనిరాగం తీయడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం నా తెర మీద ఒక మగవాడు భార్యను బెల్టుతో కొడుతున్న వీడియో పడింది. తలుపు చాటున ఒక పిల్ల ఉంది. తీసేశాను. అడ్డం అవతల బాలనాగమ్మక్క ఉంది, మూరెడు దూరంలో. లేవలేదు. నీళ్ళు తాగి తర్వాతది తెరిచాను.

ఏప్రిల్ చివర్లో కౌశల్ నన్ను తన గాజుగదిలోకి పిలిచాడు.

"హైమా, నీ డెసిషన్స్ చాలా కన్సిస్టెంట్‌గా ఉన్నాయి. తెలుగుకి నిన్నే బెంచ్‌మార్క్ చేస్తున్నా. నీ ఆన్సర్లే కీ. జూన్‌లో నీ కన్ఫర్మేషన్ ఉంది కదా, దానికీ మంచిది."

"నేను ఏటి చెయ్యాలండి?"

"ఏమీ లేదు. ఇప్పుడు చేస్తున్నట్టే చెయ్."

పరీక్షలకు మాస్టార్ల దగ్గర ఉండే జవాబుల కాగితంలాంటిది అనుకున్నాను. కొత్తగా చేరేవాళ్ళకు నేర్పడానికి అనుకున్నాను. సరే అన్నాను. ఉద్యోగం కన్ఫర్మ్ అయితేనే నా పాస్ పొడిగిస్తారు. పాస్ లేకపోతే ఈ దేశంలో ఉండడానికి లేదు.

మే నెలలో ఆ వీడియో వచ్చింది. ఏదో ఊళ్ళో సందు, జనం. ఒంటినిండా తెల్లగా సుద్ద పూసుకుని, చేతిలో వేపకొమ్మ పట్టుకున్న ఒక మనిషి, అరుగు మీద కూర్చున్న ముసలాయన ఎదుట నిలబడి తిడుతున్నాడు. మామూలు తిట్లు కావు. తల్లినీ ఆలినీ చచ్చిన పెద్దల్నీ కలిపి బండబూతులు. ముసలాయన చేతులు జోడించి వింటున్నాడు. నాకు ఆ చేతులు అర్థం కాలేదు. భయపడి దణ్ణం పెడుతున్నాడా? ముఖం చూద్దామంటే ఎవరిదో భుజం అడ్డం వచ్చింది.

అడగాలనిపించింది. మాట నోటిదాకా వచ్చింది. గోడ మీది తెర చూశాను. నా పేరు పక్కన ఆకుపచ్చ. తీసేశాను.

బాలనాగమ్మక్కా నేనూ యూ టీ స్టేషన్ దగ్గర ఒకే గదిలో అద్దెకు ఉంటున్నాం. ఓనరమ్మ వంటకు ఒప్పుకుంది గాని పోపు పెట్టనివ్వదు, ఇల్లంతా ఘాటు వస్తుందని. ఆ నెల చివర్లో ఒక సాయంత్రం నేను వచ్చేసరికి అక్క ఎండుమిరపకాయలు పదీ పదిహేనూ నూనెలో వేసి పోపు పెడుతోంది. ఓనరమ్మ దగ్గుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చి, అక్క ముఖం చూసి, ఏమీ అనకుండా వెళ్ళి తన గది తలుపు వేసుకుంది.

"ఏటైందక్కా?"

"వచ్చే శుక్రవారం నాకు రివ్యూ అంట మే. ఎరుపులోనే ఉండానంట. పాస్ పొడిగించమని రాయలేనంటా ఉండాడు ఆ పిల్లోడు. ఆరేండ్లు చేసినా. పాస్ పోతే నెల తిరక్కముందే దేశం దాటల్ల."

ఊరికి వెళ్తే ఏమవుతుందని నేను అడగలేదు. ఆమే చెప్పింది, గరిటె తిప్పుతూ.

"ఈడ నేను బాలనాగమ్మని. ఆడికి పోతే మళ్ళా ఫలానావాడు వదిలేసిన ఆడది. వదిలేసింది నేనని ఎవురూ అనరు మే."

"ఏ తప్పులు చూపించాడు?"

"ఒగొగటి చూపించినాడు. మొన్న గంగజాతర వీడియో ఉంచినానంట, అదీ తప్పంట."

"ఏ వీడియో?"

"తెల్లగా పూసుకోని తిడతా ఉంటాడే, వేషం కట్టి. మా తిరుపతి గంగజాతరలో తిట్టేదే మొక్కు. తిట్టించుకుంటే ఏడాదంతా చల్లగా ఉంటామని ఎదురుపోయి తిట్టించుకుంటారు. మా నాయన చేతులు జోడిచ్చుకోని నిలబడేవాడు. నాకు తెల్దా? దాన్ని తీసేసిందే కరెక్టు అని కీలో ఉందంట. ఆ కీ రాసినోడెవుడో వాడి..."

తగిన తిట్టు కోసం అక్క ఆగింది.

"నేనే అక్కా," అన్నాను.

గాజుగదిలో జరిగింది చెప్పాను. ఒకే వీడియోను ఇద్దరికీ విడివిడిగా ఇచ్చి, నా ఆన్సర్లతో కొలిచి ఆమెను ఎరుపులోకి నెట్టారని, చెబుతూ చెబుతూ ఉండగానే నాకు పూర్తిగా అర్థమైంది. అక్క పొయ్యి ఆపేసింది.

"తెలియక తీసినావు. పోనీ. నీకు మా జాతర ఎట్ల తెలస్తుంది?" అంది. "నేను పక్కనే ఉండా గదా. చెయ్యి చాపితే తగల్తా. అడగలేదు చూడు, ఆడ మండతా ఉంది నాకు."

"అడగొద్దన్నారు కదక్కా."

"వాళ్ళంటారు. నువ్వెందుకు విన్నావు?"

ఇద్దరం ఒకే గదిలో చెరో గోడవైపు తిరిగి తిన్నాం. కంచాలు కడుగుతూ, "ఇందాక తిట్టు ఏదో వెతుక్కున్నావు. తిట్టెయ్యక్కా," అన్నాను.

"ఎందుకు, నువ్వు ఏడాదంతా చల్లగా ఉండాల్నా? పో మే," అంది. నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే గాజుగదికి వెళ్ళాను. పిలవకుండా వెళ్ళడం అదే మొదలు.

"ఆ జాతర వీడియోకి నా ఆన్సర్ తప్పండి. మార్చండి," అని సంగతి చెప్పాను.

కౌశల్ శ్రద్ధగానే విన్నాడు. "ఇంట్రెస్టింగ్. నాకూ తెలీదు ఇది. కానీ ఒక్క ఐటమ్ మారిస్తే ఆమె స్కోరు పెద్దగా మారదు హైమా. ఇంకా చాలా ఉన్నాయి."

"మిగతావి మాత్రం నాకు తెలిసి చేశాననుకుంటున్నారా? తెలియనివన్నీ తీసేశాను."

"అదే కన్సిస్టెన్సీ."

"కాదండి. అది భయం."

కౌశల్ కుర్చీలో వెనక్కి వాలాడు. గొంతు తగ్గించాడు. "చూడు, మనం మనం తెలుగువాళ్ళం కాబట్టి చెప్తున్నా. ఆమె ఏజ్ అయింది, స్లో. నీకు ఫ్యూచర్ ఉంది. నువ్వెందుకు దూరుతున్నావు ఇందులో?"

"దూర్చింది మీరండి. నన్ను కొలకర్రలా పట్టుకుని ఆమెను కొలిచారు. నాకు చెప్పకుండా."

"కొలవకుండా మేనేజ్ చెయ్యడం ఎలా? నువ్వే చెప్పు."

"నాకు తెలీదు. నా ఆన్సర్లతో మాత్రం కొలవకండి. ఇవాళ్టి నుంచి నేను కీ కాదు."

"నీ కన్ఫర్మేషన్ గురించి ఆలోచించావా?"

"అది మీ ఇష్టం. ఇది నా ఇష్టం."

బల్ల దగ్గరికి వచ్చాను గాని కూర్చోలేదు. నిలబడి ఉన్నాను కాబట్టి అడ్డాల మీంచి మూడు తలలూ కనిపిస్తున్నాయి. మూడూ వంగి ఉన్నాయి. నా తెర మీద ఒక కామెంటు ఉంది.

"అడుగుతున్నా," అన్నాను.

ఎవరూ కదల్లేదు. అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు. ఇంకోసారి గట్టిగా అన్నాను. తమిళం బల్లవాళ్ళు తిరిగి చూశారు.

సుగన్య ఒక చెవి తెరిచింది. "హైమా, బోర్డ్ చూడు. రెడ్ అవుతావ్."

"అవనీ."

భద్రన్న కుర్చీ చక్రాలు చప్పుడు చేశాయి. "ఏంది చెల్లె, చూపియ్యి."

"కామెంటు. నీ పాడె గట్ట అని రాశారు. రాయలసీమ మనిషిలా ఉంది."

ముగ్గురం బాలనాగమ్మక్క వైపు చూశాం. ఆమె తెర మీంచి కళ్ళు తిప్పలేదు. ఆమె చేతిలో మౌసు కదులుతూనే ఉంది. నేను అలాగే నిలబడ్డాను. నా వేగం పడిపోతోందని తెలుసు. పడనిచ్చాను.

"ఎవురన్నది? ఆడదా, మొగోడా?" అంది అక్క, ఇంకా అటే చూస్తూ.

"ఆడమనిషే."

"ఎవుర్ని?"

"స్నేహితురాలు కొత్త చీర కట్టుకుని ఫొటో పెట్టింది."

"నవ్వే బొమ్మ పెట్టిందా కింద?"

"పెట్టింది."

"అయితే కుళ్ళు కాదు, మురిపెం. ఉంచు." అక్క హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత లేచి నా వెనక్కి వచ్చి, కామెంటు తనే చదువుకుని, నా భుజం మీద చెయ్యి వేసింది. కాస్త గట్టిగానే నొక్కింది.

ఆ పూట మేం అడగనిది లేదు. ప్రతి వీడియో నలుగురం చూశాం.

"అడుగుతున్న," అన్నాడు భద్రన్న. "గీ పిల్లి పాలు తాగుతున్నది. ఉంచాల్నా?"

"పిల్లిది ఏ జిల్లా?" అంది బాలనాగమ్మక్క.

"మూతి సూస్తె మీ దిక్కుదే అనిపిస్తున్నది."

"అయితే పాలు కాదు అన్నా, కొడవలి వెతుకు," అంది సుగన్య. అక్క ఆమెకూ ఒక మొట్టికాయ వేసింది. భోజనాల వేళకు గోడ మీద మా నాలుగు పేర్లూ ఎరుపెక్కాయి. సుగన్య ఫోన్‌తో దాన్ని ఫొటో తీసుకుంది.

మధ్యాహ్నం కౌశల్ నలుగుర్నీ గాజుగదిలోకి పిలిచాడు. కుర్చీలు మూడే ఉన్నాయి. భద్రన్న నిలబడ్డాడు.

"ఏంటిది? స్ట్రైకా?"

ఈ ఊళ్ళో సమ్మె చేస్తే జైలు దాకా పోవచ్చు, ఆ మాట నవ్వుతూ అనేది కాదు. భద్రన్న నిదానంగా చెప్పాడు. "పని చేస్తున్నం సార్. పొద్దటిసంది చేసినయి తీసి సూడుండ్రి. ఒక్కటి తప్పుంటే చెప్పుండ్రి."

"తప్పుందో లేదో నాకెలా తెలుస్తుంది? కీ ఉంటేగా!" కౌశల్ నుదురు రుద్దుకున్నాడు. "సరే. హైమా వద్దంటోంది. భద్రా, నువ్వు చెయ్. నీ పాత స్కోరు తీసేస్తా."

"నా ఆన్సర్లతోని అక్కను కొలుస్తరా?"

"అందర్నీ."

"అయితే వద్దు సార్."

"సుగన్యా, నువ్వు పర్మనెంట్ రెసిడెంట్‌వి. నీకు పాస్ రిస్క్ లేదు."

"రిస్క్ లేదు, అందుకే నో చెప్పడం ఈజీ. నా తెలుగు సగం సగం లాహ్. పిల్లిని కూడా అడిగే చెయ్యాలి."

కౌశల్ చూపు బాలనాగమ్మక్క మీదికి వెళ్ళింది. "నన్ను అడగబాకండి," అంది అక్క. "నేను ఎరుపు."

"బయట్నుంచి ఎవర్నైనా తెప్పిస్తా అయితే."

"తెప్పించండి," అన్నాను. "వచ్చేవాళ్ళదీ ఒక్క జిల్లాయే అవుతుంది."

కౌశల్ లాప్‌టాప్ మూత సగం మూశాడు. అతని కళ్ళ కింద నల్లగా ఉంది.

"మీకు నేనొక్కణ్ణే కనిపిస్తా. పైన క్లయింట్ దగ్గర, ఆ యాప్ వాళ్ళ దగ్గర, ఇంకో బోర్డు ఉంది. అన్ని భాషల మేనేజర్ల పేర్లూ ఉంటాయి దాని మీద. ఇవాళ పొద్దుటి నుంచి నాదీ రెడ్డే."

జాలి వేసింది. అతన్ని తిట్టుకుంటూ పడుకున్న రోజులు గుర్తొచ్చాయి. అయినా మాట మార్చుకోలేదు.

"అక్కడ మీరు ఎవర్నైనా అడగొచ్చాండి, ఏదైనా తెలియకపోతే?" అన్నాను.

నా వైపు చూసి, కళ్ళు దించుకున్నాడు.

"నా సంగతి తేల్చండి సార్," అంది బాలనాగమ్మక్క. గొంతు మామూలుగానే ఉంది. ఒళ్ళో వేళ్ళు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. "శుక్రవారం రివ్యూ ఉందా, లేదా?"

కౌశల్ లాప్‌టాప్ మళ్ళీ తెరిచాడు. "కీ లేకుండా రివ్యూ చెయ్యలేను. తెలుగు కాలమ్ ఖాళీగా పంపాలి. ఏడాదికి రాయలేను. ఆరు నెలలకు మీ పాస్ పొడిగించమని రాస్తా. హైమా, నీ కన్ఫర్మేషన్ కూడా ఆరు నెలలు వెనక్కి. ఇదంతా నీ వల్లే అని రిపోర్ట్‌లో రాయాల్సి వస్తుంది."

"రాయండి. నిజమే కదా."

"అడ్డాలుంటాయి. రూల్ ఉంటుంది. అందులో చేంజ్ లేదు."

సరేనని మాలో ఎవరూ అనలేదు. అక్క ముందుగా లేచింది. "అంతేనా సార్? ఆడ పని నిలిచిపోయి ఉంది."

బల్ల దగ్గరికి వచ్చాక ఎవరూ కూర్చోలేదు. భద్రన్న తన సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాడు. ఎప్పటి నుంచి తెచ్చుకుంటున్నాడో మాకు చెప్పలేదు. బల్ల కిందికి దూరి మరలు విప్పాడు. సుగన్యా నేనూ చెక్కలు పట్టుకున్నాం. నాలుగు అడ్డాలూ తీసి ప్రింటర్ పక్కన గోడకు ఆనించాం. బల్ల ఇంత పెద్దదని మరిచిపోయాం. తమిళం బల్ల నుంచి ఒకావిడ వచ్చి, ఆ స్క్రూడ్రైవర్ ఒకసారి ఇస్తారా అని అడిగింది. భద్రన్న ఇచ్చాడు.

కాసేపటికి మెయిల్ వచ్చింది, నలుగురి పేర్లకూ. సుగన్య పైకి చదివింది. అడ్డాలు సాయంత్రంలోగా యథాస్థానంలో బిగించగలరు.

"ఆర్నెల్లు ఇచ్చినాడు మే," అంది బాలనాగమ్మక్క నాతో. "ఈలోపల ఇంకేం కనిపెడతాడో."

"కనిపెట్టనీ అక్కా."

నేను జవాబు టైపు చెయ్యడం మొదలుపెట్టాను. ముగ్గురూ నా వెనక చేరారు.

"ప్లీజ్ పెట్టు ముందు," అంది సుగన్య.

"అక్కర్లేదు."

"రీజన్?"

"అదీ అక్కర్లేదు."

బిగించం అని రాసి, కింద నా పేరు పెట్టి పంపాను.